విసరని జెండా

ఆట ముగియడానికి 1 నిమిషం 49 సెకన్లు. స్కోరు 20–20. గెలిచిన జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కి వెళ్తుంది. 2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లో సొంత అభిమానుల హోరు మధ్య సెయింట్స్ జట్టు రామ్స్ 13వ యార్డ్ లైన్ దాకా వచ్చేసింది. క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ కుడివైపు పరుగెడుతున్న టామీలీ లూయిస్‌కి బంతి విసిరాడు. అది గాల్లో ఉండగానే రామ్స్ డిఫెండర్ నికెల్ రోబీ-కోల్‌మన్ దూసుకొచ్చాడు. బంతి వైపు తల కూడా తిప్పకుండా భుజంతో, హెల్మెట్‌తో లూయిస్‌ని గుద్ది పడేశాడు. బంతి ఆ తర్వాతే వచ్చి నేల మీద పడింది. మైదానంలో ఏడుగురు అధికారులున్నారు. తప్పు జరిగిందని చెప్పే పసుపు జెండా ఒక్కరూ విసరలేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చేరకముందే అందుకునేవాణ్ణి అడ్డుకోవడాన్ని పాస్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. డిఫెండర్ ఆ తప్పు చేస్తే, తప్పు జరిగిన చోటే బంతి పెట్టి దాడి చేసే జట్టుకి కొత్తగా నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఒక్క జెండాతో మ్యాచ్ తారుమారవుతుంది. ఆ రోజు జెండా పడి ఉంటే సెయింట్స్ గడియారాన్ని దాదాపు ఖాళీ చేసి, చివరి క్షణాల్లో ఫీల్డ్ గోల్ కొట్టుకునేవాళ్లు. పడకపోవడంతో వెంటనే కొట్టి 23–20 ఆధిక్యంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మిగిలిన సమయంలో రామ్స్ స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో కిక్కర్ గ్రెగ్ జర్లైన్ 57 యార్డుల నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 26–23 తేడాతో గెలిచింది.

మ్యాచ్ అయిన కాసేపటికే లీగ్ ఆఫీసుకి ఫోన్ చేశానని, అక్కడివాళ్లు పొరపాటు ఒప్పుకున్నారని సెయింట్స్ కోచ్ షాన్ పేటన్ విలేకరులకు చెప్పాడు. బంతి రాకముందే కొట్టానని రోబీ-కోల్‌మన్ కూడా దాచలేదు. హెల్మెట్‌తో గుద్దినందుకు లీగ్ అతనికి 26,739 డాలర్ల జరిమానా వేసింది. తప్పు జరిగిందని అందరూ ఒప్పుకున్నా ఫలితం మాత్రం మారలేదు. న్యూ ఆర్లీన్స్‌ని మండించింది ఇదే. అభిమానులు కోర్టుకెక్కారు. సూపర్ బౌల్ రోజు టీవీలు కట్టేసి వీధుల్లో సొంతంగా పండగ చేసుకున్నారు. ఆ నగరంలో సూపర్ బౌల్ చూసినవారి సంఖ్య ముందటి ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. మర్నాడు స్థానిక పత్రిక మొదటి పేజీని దాదాపు ఖాళీగా వదిలేసింది.

రామ్స్ అభిమానుల వాదనలోనూ పస ఉంది. సెయింట్స్ మొదట్లో 13–0 ఆధిక్యంలో ఉండి చేజార్చుకుంది. ఓవర్‌టైమ్‌లో టాస్ గెలిచి మరీ బ్రీస్ బంతిని ప్రత్యర్థి చేతిలో పెట్టాడు. నాలుగో క్వార్టర్‌లో గోల్ లైన్ దగ్గర రామ్స్ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ ఫేస్‌మాస్క్‌ని సెయింట్స్ ఆటగాడు పట్టుకుని లాగితే దానికీ జెండా పడలేదు. రెండువైపులా తప్పులు వదిలేశారు కాబట్టి లెక్క సరిపోయిందన్నది వాళ్ల మాట. నాకది మింగుడుపడదు. ఒక తప్పు ఇంకో తప్పుకి చెల్లు కాదు. చివరి రెండు నిమిషాల్లో, కోట్ల కళ్ల ముందు జరిగినదాన్ని సరిదిద్దే దారే లేకపోవడం ఆటకి అవమానం.

జట్ల యజమానులకీ అలాగే అనిపించినట్టుంది. అదే ఏడాది మార్చిలో 31–1 ఓట్లతో కొత్త నిబంధన తెచ్చారు. కాదన్నది సిన్సినాటి బెంగాల్స్ ఒక్కటే. పాస్ ఇంటర్‌ఫియరెన్స్ ఇచ్చినా, ఇవ్వకపోయినా కోచ్ ఎర్ర జెండా విసిరి రీప్లే అడగొచ్చు. చివరి రెండు నిమిషాల్లో పై బూత్‌లోని అధికారే అడుగుతాడు. అయితే నిర్ణయం మార్చాలంటే వీడియోలో తప్పు స్పష్టంగా, తిరుగులేకుండా కనిపించాలి.

చిక్కంతా ఆ ‘స్పష్టంగా’ దగ్గరే వచ్చింది. కాలు గీత తొక్కిందా, బంతి గోల్ లైన్ దాటిందా అన్నవాటికి కెమెరా జవాబు చెప్పగలదు. భుజం మీద చెయ్యి వేశాడా, తోశాడా అన్నది కెమెరా తేల్చలేదు. నెమ్మదిగా తిప్పి చూపిస్తే మామూలు రాపిడి కూడా దాడిలా కనిపిస్తుంది. మన క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ సమీక్షకి కొలత ఉంది. బంతిలో సగం కన్నా తక్కువ వికెట్లకి తగిలేలా ఉంటే అంపైర్ మాటే నిలుస్తుంది. తోపులాటకి అలాంటి కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది? ఆ సీజన్‌లో ఒకలాంటి తోపుడుకి ఒక వారం ఒక తీర్పు, మరో వారం మరో తీర్పు వచ్చాయి. అడిగినా మారదని తెలిసి కోచ్‌లు విసిగిపోయారు.

2020 జనవరి 5న అదే సూపర్‌డోమ్‌లో మళ్లీ ప్లేఆఫ్స్. మళ్లీ ఓవర్‌టైమ్. మిన్నెసోటా వైకింగ్స్ ఆటగాడు కైల్ రుడాల్ఫ్ ఎండ్ జోన్‌లో సెయింట్స్ డిఫెండర్ పి.జె. విలియమ్స్‌ని చెయ్యి చాచి నెట్టి, పైనుంచి వచ్చిన బంతి అందుకున్నాడు. పాస్ అందుకునేవాడు నెట్టినా తప్పే. జెండా పడలేదు. న్యూయార్క్‌లోని రీప్లే కేంద్రం వీడియో చూసి, తాకిడి ఇద్దరి వైపూ ఉందని, అది తప్పు స్థాయికి చేరలేదని తేల్చింది. వైకింగ్స్ 26–20తో గెలిచింది. సెయింట్స్‌కి జరిగిన అన్యాయంతో పుట్టిన నిబంధన సెయింట్స్‌నే ఆదుకోలేకపోయింది. ఆ సీజన్‌తోనే దాన్ని ఎత్తేశారు.

అమెరికాలోని మనవాళ్లకీ ఈ గొడవ దూరమైనదేం కాదు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఫ్రిస్కోలోనే డాలస్ కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం ఉంది. 2015 జనవరిలో డెట్రాయిట్ లయన్స్‌తో ప్లేఆఫ్స్ మ్యాచ్‌లో కౌబాయ్స్ మీద పాస్ ఇంటర్‌ఫియరెన్స్ జెండా వేసి, ప్రకటించి కూడా మళ్లీ వెనక్కి తీసుకున్నారు. కౌబాయ్స్ 24–20తో నెగ్గింది. డెట్రాయిట్ అభిమాని ఎదురుపడితే ఆ మాట ఎత్తి చూడండి, రాత్రి పొద్దుపోయేదాకా వదలడు.

ఆలోచన మంచిదే, అమలు దాన్ని చంపేసిందని నా నమ్మకం. ప్రతి తోపుడినీ కోచ్‌ల చేతికివ్వడమే పొరపాటు. పై బూత్‌లో ఒక్క అధికారిని పెట్టి, ప్లేఆఫ్స్ చివరి రెండు నిమిషాల్లో, మామూలు వేగంతో చూసినా ఎవరికైనా తెలిసిపోయే తప్పు కనిపిస్తే జెండా వేసే అధికారం అతనికిస్తే చాలు. లూయిస్ మీద జరిగిన దాడికి స్లో మోషన్ అక్కర్లేదు. రుడాల్ఫ్ చెయ్యి చాచడం మీద ఇంకో పదేళ్లయినా వాదించుకోవచ్చు. మొదటిదాన్ని దిద్దాలి, రెండోదాన్ని మైదానంలో ఉన్నవాళ్లకే వదిలేయాలి.

ఆ తర్వాతి ఏళ్లలో లీగ్ రీప్లే సహాయాన్ని చాలా విషయాలకి విస్తరించింది. పాస్ ఇంటర్‌ఫియరెన్స్‌ని మాత్రం ముట్టుకోలేదు. లూయిస్‌కి జరిగినట్టే రేపు ఇంకొకరికి జరిగితే ఎర్ర జెండా విసిరే హక్కు ఏ కోచ్‌కీ లేదు.