గోధుమ చేనుకు నాచు ఎరువు పనికొస్తుందా?



వరి మడిలో నీరు నిలిచిన చోట పెరిగే నాచు నేలకు బలమిస్తుందని విన్నవారు, "మరి మా గోధుమ చేనుకు కూడా వేసుకోవచ్చా?" అని అడుగుతుంటారు. ఈనాటి ప్రసంగంలో ఆ సంగతి చూద్దాం.

ముందు ఒక తేడా గమనించాలి. జుట్టులా పోగులు పోగులుగా పెరిగి లేత పైరును కప్పేసే పచ్చపాచి వేరు. మనం చెప్పుకునేది నీలి ఆకుపచ్చ నాచు. ఇందులో కొన్ని రకాలు గాలిలోని నత్రజనిని పట్టి, మొక్కకు అందే రూపంలోకి మారుస్తాయి. వరి నేలల్లో ఇవి నత్రజనిని చేరుస్తాయని పి.కె. డే అనే మన శాస్త్రవేత్త 1939లో చూపారు. నాచు బతికుండగా కొంత, చచ్చి కుళ్ళాక మరికొంత నత్రజని నేలకు దక్కుతుంది. దాని జిగురు మట్టి రేణువులను పట్టి ఉంచుతుంది.

వరిలో నాట్లు వేసిన 10 రోజులకు, ఎకరాకు 4 కిలోల ఎండు నాచు పొడిని ఇసుకతో కలిపి, పలుచగా నిలిచిన నీటిలో చల్లాలి. ఆ నీరు కొన్ని రోజులు ఆరకూడదు. నాచు బాగా పెరిగితే ఎకరాకు సుమారు 10 కిలోల నత్రజని కలిసివస్తుంది. అంటే దాదాపు అర బస్తా యూరియా. కోరాపుట్ వైపు ఎర్రనేలల్లాంటి ఆమ్ల నేలల్లో మాత్రం ముందు మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే సున్నం వేసుకోవాలి.

ఇక గోధుమ మాట. ఈ నాచుకు తడి, వెలుతురు రెండూ కావాలి. విజయపుర, షోలాపూర్ నల్లరేగళ్ళలో నేలలోని తేమ మీదే గోధుమ పండిస్తాం. పైమట్టి త్వరగా ఆరిపోతుంది. అక్కడ పొడి నాచు చల్లి యూరియా మానేస్తే పైరు పాలిపోతుంది, పెట్టుబడి పోతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో గోధుమ మీద కూడా నాచు పరీక్షలు జరిగాయి. అక్కడా రసాయన ఎరువును కొంత తగ్గించి చూశారే గాని, పూర్తిగా మానేయమనలేదు.

కనుక కాలువ కింద వరి కోసి గోధుమ వేసేవారు నాచును వరికే వేయండి. అందులో కొంత సారం తరువాతి పంటకు మిగులుతుంది. మెట్ట గోధుమకు పశువుల ఎరువు, విత్తనానికి అజటోబాక్టర్ పట్టించడం మేలు.

నాచును గోధుమలో చూడాలనుకుంటే, నీటి వసతి ఉన్న చోట రెండు చిన్న మడులు చేయండి. రెండింటిలోనూ యూరియాను సమానంగా తగ్గించి, ఒకదానిలోనే నాచు వేయండి. పంట వచ్చాక రెండింటి గింజలు విడివిడిగా తూచండి. త్రాసు చెప్పిన మాటే నమ్మండి.