వకీలు కోసం పుస్తెలు అమ్మాలా?

పొలం గట్టు తగాదా వచ్చింది. పోలీసులు కొడుకును పట్టుకుపోయారు. తల్లికి కాళ్లూ చేతులూ ఆడలేదు. "పుస్తెలు అమ్మి అయినా వకీలును పెడతా" అంది.

"ఆగు వదినా! ముందు ఈ సంగతి తెలుసుకో" అంది పక్కింటామె.

ఏమిటా సంగతి? మనమూ తెలుసుకుందాం.

అరెస్టు చేసిన మనిషిని 24 గంటల లోపల మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. దారిలో పట్టే సమయం ఇందులో కలపరు. వకీలుతో మాట్లాడే హక్కు ఆ మనిషికి ఉంది. "వకీలును పెట్టుకునే స్తోమత లేదు" అని మేజిస్ట్రేటుకు చెప్పవచ్చు.

1987లో న్యాయసేవల చట్టం చేశారు. అది 1995లో అమలులోకి వచ్చింది. పోలీసు కస్టడీలో, జైల్లో ఉన్నవాళ్లు ఉచితంగా వకీలును అడగవచ్చు. ఆడవాళ్లు, ఎస్సీలు, ఎస్టీలు కూడా అడగవచ్చు. వీళ్లకు ఆదాయం ఎంత అని చూడరు.

ఎక్కడ అడగాలి? జిల్లా కోర్టు దగ్గర జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ అర్జీ ఇవ్వాలి. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. వాళ్లు ఇచ్చిన వకీలుకు మీరు ఫీజు కట్టనక్కర లేదు.

సొంతంగా వకీలును పెట్టుకుంటారా? బెయిలుకు ఎంత, కేసు తేలేదాకా ఎంత అని ముందే అడగండి. ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకోండి. "నేను చూసుకుంటాలే" అనే దళారి చేతిలో పైసా పెట్టకండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయకండి, సంతకం పెట్టకండి. చదవండి. అర్థం కాని మాట ఉంటే అడగండి.

ఆ తల్లి కూడబలుక్కుంటూ అర్జీ రాసింది. కింద తన పేరు తనే రాసింది. పుస్తెలు మెడలోనే ఉన్నాయి.