తెగని కథ, తేలని తీర్పు

రహస్యంతో నడిచే ఒక ధారావాహిక కొత్త విడత వెలువడినప్పుడు ఒకే ఇంటిలో మూడు తీర్పులు వినిపించడం వింత కాదు. అంతా అద్భుతమని కుమారుడంటాడు. మొదటి విడతలో ఉన్న బిగువు ఇందులో లేదని కోడలంటుంది. ఎవరు ఎవరో తెలియకపోయినా చివర ఏమైనదో చెప్పమని తాతగారు అడుగుతారు. ఇది పట్టణాల ముచ్చట మాత్రమే కాదు. కడప జిల్లా రాజుపాలెం వంటి పల్లెలలో సైతం చేతిఫోనులోనో, ఇంటి టెలివిజనులోనో దేశదేశాల కథలు తెలుగు మాటలతోనే వినవస్తున్న కాలమిది. కాబట్టి ఈ అభిప్రాయభేదానికి కారణమేమిటో ఆలోచించడం మనకు అవసరమే. ఎవరి అభిరుచి వారిదని ఊరుకుంటే కొంతవరకు నిజం చెప్పినట్లే. కాని పూర్తి నిజం చెప్పినట్లు కాదు.

ముందుగా ఈ రచనాప్రక్రియ స్వభావాన్ని గమనిద్దాం. ఇందులో రెండు జాతుల కథలు కలిసి ఉన్నవి. ఒకటి అపరాధపరిశోధన కథ. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను చదివిన తరానికి దీనిని గురించి వేరుగా చెప్పనక్కర లేదు. ఇందులో ఒక ప్రశ్న ఉంటుంది, ఆధారాలు ఉంటాయి, జవాబు ఉంటుంది. రచయిత ఎంత తిప్పినా ఒక న్యాయం పాటించవలెను. తలుపు లోపల గడియ వేసి ఉన్నదని మొదట చెప్పి, చివరకు హంతకుడు గోడలో నుంచి నడిచి వచ్చాడంటే పాఠకుడు పుస్తకాన్ని మూలకు విసురుతాడు. రెండవది వైజ్ఞానిక కల్పన. ఇక్కడ గోడలో నుంచి నడవడమే కథ! కాలంలో వెనుకకు పోవడం, మరొక లోకానికి ద్వారం తెరవడం, మనస్సుతోనే వస్తువులను కదల్చడం, ఇట్లా ప్రకృతి నియమాన్ని ఒకచోట సడలించి, అప్పుడు మనిషి ఏమవుతాడో చూపడం దీని పని.

చిక్కు ఇక్కడనే ఉన్నది. రహస్యకథకు నియమం మారకూడదు. వైజ్ఞానిక కల్పనకు నియమం మారవలెను. ఈ రెండింటిని ఒకే కాడికి కట్టి దున్నబూనిన రచయిత మొదటి విడతలో సాధారణంగా నెగ్గుతాడు. ఎందుకనగా ఆ విడత ప్రశ్నలను నాటే కాలం. సీజన్ అని వ్యవహరించే కొత్త విడత వచ్చేసరికి రెండు బాకీలు ఒక్కసారి మీద పడతాయి. పాత ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. కొత్త ఆశ్చర్యాన్ని కూడ చూపవలెను. జవాబు కోరి వచ్చిన ప్రేక్షకుడు నియమం మార్చారని కోపగిస్తాడు. ఆశ్చర్యం కోరి వచ్చిన ప్రేక్షకుడు అన్నీ విప్పి చెప్పి రుచి పోగొట్టారని నిట్టూరుస్తాడు. ఇద్దరి మాటలోను న్యాయం ఉన్నది.

ఇటీవలి ఉదాహరణ స్ట్రేంజర్ థింగ్స్. డఫర్ సోదరులనే కవలలు నిర్మించిన ఈ అమెరికా ధారావాహిక 2016 జూలైలో మొదలై, అయిదు విడతలుగా నడిచి, 2025 డిసెంబరు ఆఖరున ముగిసినది. తెలుగు మాటలతో కూడ లభించినందున మన ఇళ్ళలోను దీనికి ప్రేక్షకులు ఏర్పడినారు. 1983లో హాకిన్స్ అనే కల్పిత పట్టణంలో ఒక బాలుడు మాయమవుతాడు. అతనిని వెదకబోయిన తోటి బాలురకు అపూర్వ శక్తులు గల ఒక బాలిక దొరుకుతుంది. మన లోకానికి అడుగున నీడవలె ఉన్న తలక్రిందుల లోకం ఒకటి బయటపడుతుంది. మొదటి విడతలో ఆ లోకం ఏమిటో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే అక్కడి భయం.

2017లో వచ్చిన రెండవ విడతలో ఏడవ భాగం ఆ బాలికను పట్టణం దాటించి షికాగో నగరానికి తీసుకొని పోయినది. కథ విశాలమైనదని కొందరు, దారి తప్పినదని మిక్కిలిమంది అన్నారు. 2022 నాటి నాలుగవ విడతలో ఆ చీకటి లోకపు దుష్కార్యాల వెనుక మనిషిగా పుట్టినవాడే ఒకడున్నాడని వెల్లడించారు. చెదరి ఉన్న సంగతులన్నీ ఒక దారాన కూడినవని సంతోషించినవారు కలరు. ముఖం లేనప్పుడున్న భయం ముఖం వచ్చేసరికి తగ్గినదని పెదవి విరిచినవారు కలరు. ఆ పిమ్మట మూడేండ్లకు పైగా నిరీక్షణ. బాలనటులు యువకులైనారు. చివరి విడతను 2025 నవంబరు, డిసెంబరు మాసాలలో మూడు భాగాలుగా విడుదల చేసినారు. రెండు గంటలకు మించిన ఆఖరు భాగం చూచి కన్నీరు పెట్టుకున్నవారు ఒక వైపు. బాకీలన్నీ తీరలేదని లెక్కలు తీసినవారు ఇంకొక వైపు. ఇంకను విచిత్రమేమనగా, ఇది అసలు ముగింపు కాదని, దాచి ఉంచిన మరొక భాగం వస్తుందని నమ్మి 2026 జనవరిలో ఎదురు చూచినవారు కూడ ఉన్నారు. అట్టి భాగమేదీ రాలేదు.

ఈ నమ్మకాన్ని చూచి నవ్వి ఊరుకోరాదు. దీర్ఘకాలం నడిచిన రహస్యకథలో ప్రేక్షకుడు కేవలం చూచేవాడు కాదు, ఊహించేవాడు. మూడేండ్ల విరామంలో అతడు తన మనస్సులో ఒక ముగింపును వ్రాసుకొని ఉంటాడు. తెరమీది ముగింపు దానితో పోటీ పడవలెను. రచయిత వ్రాసినది ఒక్కటి, ఊహించినవి లక్షలు. ఏ ఒక్కటీ లక్ష ఊహలను తృప్తి పరచజాలదు.

ఇంకొక ఉదాహరణ జర్మనీ దేశపు డార్క్. బారన్ బో ఓడార్, యాంట్యే ఫ్రీజె అనే దంపతులు రూపొందించిన ఈ కథ 2017, 2019, 2020 సంవత్సరాలలో మూడు విడతలుగా, మొత్తం 26 భాగాలలో వచ్చినది. విండెన్ అనే ఊరిలో పిల్లలు మాయమవుతారు. ఊరి ప్రక్క గుహలో నుంచి 33 ఏండ్లు వెనుకకు పోవడానికి మార్గమున్నది. 2019, 1986, 1953, ఈ మూడు కాలాలలో నాలుగు కుటుంబాల కథ అల్లుకొని ఉంటుంది.

ఆ 33 సంఖ్య ఎక్కడిది? సూర్యుని లెక్కకు ఏడాది సుమారు 365 దినాలు. చంద్రుని లెక్కకు పన్నెండు మాసాలు సుమారు 354 దినాలు. ఏటా పదకొండు దినాల తేడా. మన పంచాంగం అధికమాసం చేర్చి ఆ తేడాను సరిచేస్తుంది. అధికమాసం లేని ముస్లిం పంచాంగంలో రంజాను మాసం ఏటా ముందుకు జరుగుతూ, ఎండ, వాన, చలి అన్నీ తిరిగి, సుమారు 33 ఏండ్లకు మళ్ళీ అదే ఋతువుకు వస్తుంది. సూర్యచంద్రుల లెక్కలు తిరిగి కలుసుకునే ఈ వ్యవధినే ఆ కథకు ఇరుసుగా చేసుకొన్నారు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై ఏండ్ల చక్రాన్ని ఎరిగిన మనకు కాలం గుండ్రముగా తిరుగుననే భావన కొత్తది కాదు.

మూడవ విడతలో డార్క్ రచయితలు కాలాలతో పాటు మరొక లోకాన్ని కూడ ప్రవేశపెట్టినారు. అప్పటికే వంశవృక్షం కాగితం మీద గీసుకొని చూస్తున్నవారిలో కొందరు ఇక మా వల్ల కాదన్నారు. తక్కినవారు ఇంత చిక్కుముడిని ఇంత శుభ్రంగా విప్పిన కథ మరొకటి లేదన్నారు. న్యాయంగా చెప్పవలెనంటే, రెండవ విడత చివరి దృశ్యంలోనే ఆ లోకానికి విత్తనం పడి ఉన్నది. నియమం మారినది నిజమే, కాని ముందు చెప్పి మార్చినారు.

కాలంతో ఇట్టి ఆట మన సాహిత్యానికి పరాయిది కాదు. రాజుపాలెం చేల ప్రక్కగా సాగే కుందూ నది నంద్యాల మీదుగా వస్తున్నది. 16వ శతాబ్దంలో ఆ నంద్యాల ప్రభువైన కృష్ణమరాజుకు పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చాడు. అందులో మణికంధరుడు నలకూబరుని రూపం దాలుస్తాడు. కలభాషిణి రంభ రూపం దాలుస్తుంది. ఎవరు నిజం, ఎవరు మాయ అని పాఠకుడు తికమకపడతాడు. కళాపూర్ణుడు పుట్టకమునుపే అతని కథను బ్రహ్మ సరస్వతికి చెప్పి ఉన్నాడనే సంగతి మనకు ఆలస్యంగా తెలుస్తుంది. ఫలితం ముందు, కారణం వెనుక! ఎనిమిది ఆశ్వాసాల ఆ ప్రబంధం మీద కట్టమంచి రామలింగారెడ్డి గారు కవిత్వతత్త్వవిచారమనే విమర్శ గ్రంథమే వ్రాసినారు. ఆ విమర్శ మీద పండితుల మధ్య వాదాలు చెలరేగినవి. కనుక చిక్కుకథను గూర్చి పోట్లాడుకొనడంలో మనం ఎవరికీ తీసిపోము.

రేడియో శ్రోతలకు ఈ ముచ్చట మరింత దగ్గరిది. 1953లో బి.బి.సి. వారు జర్నీ ఇన్‌టు స్పేస్ అనే అంతరిక్షయాత్రా నాటకాన్ని ధారావాహికంగా ప్రసారం చేసినారు. చార్లెస్ చిల్టన్ దాని రచయిత. అదే నౌకాబృందంతో 1954లో ఒకటి, 1955లో మరొకటి కొత్త విడతలు వచ్చినవి. బ్రిటనులో సాయంకాలం వేళ టెలివిజనును మించిన సంఖ్యలో జనులను ఆకర్షించిన చివరి రేడియో కార్యక్రమమని దానికి పేరు. వారం వారం ఒక ప్రమాదపు అంచున కథ ఆపి, తరువాయి వచ్చే వారమనడం ఆ కాలపు పద్ధతి. ఆ వారం రోజులలో ఇంటిల్లిపాది ఊహాగానం సాగేది. ఈనాడు ఒక విడత అంతా ఒకే రాత్రి చూడగల వీలున్నది. ఊహకు వారం లేదు. విడతకు విడతకు నడుమ మాత్రం రెండు మూడేండ్లు. ఆకలి లేనప్పుడు విందు, ఆకలి వేసినప్పుడు ఉపవాసం అన్నట్లున్నది. అసంతృప్తికి ఇది కూడ ఒక కారణం.

మన తెలుగులో సింగీతం శ్రీనివాసరావు గారి ఆదిత్య 369 చిత్రం 1991లోనే కాలయంత్రాన్ని కృష్ణదేవరాయల కొలువుకు నడిపించినది. 2021లో పవన్ కుమార్ దర్శకత్వంలో ఆహా సంస్థ ప్రసారం చేసిన కుడి ఎడమైతే అనే ఎనిమిది భాగాల ధారావాహిక వైజ్ఞానిక కల్పనను, నేరపరిశోధనను కలిపినది. ఒక పోలీసు అధికారిణి, ఇంటింటికి భోజనం చేరవేసే ఒక యువకుడు ఒకే దినంలో చిక్కుకొని, దానినే మళ్ళీ మళ్ళీ గడుపుతారు. ఇట్టి కథలో పునరుక్తి తప్పదు. ఒక్కొక్క పర్యాయం చిన్న మార్పును కనిపెట్టి ఆనందించేవారికి అది అలంకారం. కథ ముందుకు సాగవలెనని కోరేవారికి అది విసుగు. ఒకే గుణం ఒకరికి గుణం, ఒకరికి దోషం.

సరే, ఎవరి ఇష్టం వారిది, ఇందులో నష్టమేమున్నది అని అడుగవచ్చు. నష్టం లేకపోలేదు. ట్విన్ పీక్స్ అనే అమెరికా ధారావాహిక 1990లో ఒక బాలిక హత్యతో మొదలైనది. హంతకుడెవరో త్వరగా చెప్పకూడదని కర్తలైన డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ భావించారు. ప్రసారసంస్థ ఒత్తిడి మీద రెండవ విడత నడుమనే రహస్యం విప్పవలసి వచ్చినది. విప్పిన తరువాత చూచేవారు తగ్గి, 1991లో కథ ఆగిపోయినది. తిరిగి మొదలు కావడానికి 2017 వరకు ఆగవలసి వచ్చినది. దీనికి ఎదురు ఉదాహరణ లాస్ట్. 2004లో ప్రారంభమైన ఆ దీవి కథకు 2007లోనే, 2010లో ముగుస్తుందని గడువు ప్రకటించారు. గడువు తెలిసినందున కర్తలు నడకను అమర్చుకొనగలిగినారు. ముగింపు మీద తగవు నేటికీ తీరలేదు గాని, కథ మాత్రం గమ్యం చేరినది.

మిక్కిలి బాధ కలిగించేది మరొకటి. డార్క్ కర్తలే 2022 నవంబరులో 1899 అనే ఓడప్రయాణపు రహస్యకథను ఎనిమిది భాగాలుగా ప్రారంభించారు. వారి సంకల్పం మూడు విడతలు. 2023 జనవరిలోనే అది రద్దయినదని ప్రకటన వెలువడినది. ప్రశ్నలు సముద్రం మధ్య మిగిలిపోయినవి. ఇట్టి సంస్థలు ఖర్చుకు తగినంతమంది చూస్తున్నారా అనే లెక్కను బట్టి తరువాతి విడతను నిర్ణయిస్తాయి. అనగా మనం రెండు భాగాలు చూచి విసిగి ఆపివేసినప్పుడు, అది ఒక వ్యక్తి విసుగుగా మాత్రమే ఉండదు. లెక్కలో ఒక అంకె అవుతుంది. అట్టి అంకెలు చేరిననాడు చివరిదాకా చూచినవారికి కూడ జవాబు దక్కదు.

అందువల్ల చూచిందల్లా మెచ్చుకొనవలెనని కాదు. మెచ్చుకొనడానికైనా, తప్పు పట్టడానికైనా కొలత ఉండవలెనని మాత్రమే. కొత్త విడతను గూర్చి మూడు ప్రశ్నలు వేసుకొనవచ్చు. పాత ప్రశ్నలలో ముఖ్యమైనదానికి మోసం లేని జవాబు వచ్చినదా? కొత్తగా చేర్చిన నియమానికి విత్తనం ముందే పడి ఉన్నదా, లేక ఇరుక్కుపోయిన రచయిత అప్పటికప్పుడు తెచ్చిపెట్టినాడా? యంత్రాలు, లోకాలు, కాలాలు ఎన్ని మారినా, తప్పిపోయిన బిడ్డ కోసం తల్లి పడే వేదన తల్లి వేదనగానే మిగిలి ఉన్నదా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగితే, మన ఊహకు భిన్నంగా ఉన్నప్పటికీ ఆ విడత మంచిదే. మూడవదానికి కాదని చెప్పవలసి వస్తే, లెక్క ఎంత సరిపోయినా కథ ఓడినట్లే.

ఇక ఇంటిలోని భిన్నాభిప్రాయాల సంగతి. ఒకరు ప్రశ్నను ప్రేమిస్తారు, ఒకరు జవాబును, మరొకరు మనుషులను. ఈ ముగ్గురూ ఒకే కథ ముందు కూర్చొని ఉన్నారంటే ఆ కథలో మూడూ ఉన్నవని అర్థం. అందరూ ఏకగ్రీవంగా మెచ్చి మరునాటికి మరచిన కథకంటె, పది రోజులు భోజనాల వేళ తగవు పెట్టిన కథకే ఆయుస్సు ఎక్కువ. తగవు ఆడుకొనండి, తప్పు లేదు. తీర్పు మాత్రం చివరి భాగం చూచిన తరువాత చెప్పండి.