క్రైస్తవ మతమున పటములును ప్రతిమలును



క్రైస్తవు లెల్లరును ప్రతిమలను నిరసింతురను తలంపు మన గ్రామములయందు పెక్కుమందికి గలదు. ఇది కొంతవఱకే నిజము. బెజవాడ చెంత గుణదల కొండపై మేరీమాత ప్రతిమ యెదుట వేలకొలది జనులు కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థింతురు. ఒంగోలు ప్రాంతమున బాప్టిస్టు మందిరమున కేగినచో అట్టి ప్రతిమ సాధారణముగ గానరాదు. మెదకునందు 1924లో ప్రతిష్ఠితమైన గొప్ప దేవాలయమున క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము రంగుటద్దముల కిటికీలలో చిత్రింపబడియున్నవి. అచ్చటివారు వానిని చూచి సంతసింతురే గాని వానికి మ్రొక్కరు. ఒక్క గ్రంథమునే ప్రమాణముగ గైకొనినవారిలో నింత భేద మేల కలిగెను?

మోషేకు దేవు డొసగిన పది యాజ్ఞలలో, ఏ రూపమును జేసికొని దానికి సాగిలపడరాదను నిషేధము గలదు. ఇది నిర్గమకాండమున నున్నది. అయితే ఆ గ్రంథముననే, మందసముపై బంగారు కెరూబుల రూపములను జేయుమని దేవుడే యాజ్ఞాపించినట్లును గలదు. మఱియు అరణ్యమున పాముకాటు తినినవారు చూచి బ్రతుకుటకై మోషే యొక ఇత్తడి సర్పమును జేసి నిలిపెను. తరువాతి కాలమున జనులు దానికే ధూపము వేయ నారంభింపగా హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించెను. ప్రతిమలను మన్నించువారును, ఖండించువారును ఈ సర్పమునే సాక్ష్యముగ జూపుట వింత.

సుమారు 600వ సంవత్సరమున మార్సెయి పట్టణపు బిషప్పు సెరెనసు, జనులు పటములకు మ్రొక్కుచున్నారని వానిని పగులగొట్టించెను. రోమునగర పీఠాధిపతియగు గ్రెగరీ ఆయనకు జాబు వ్రాసి, మ్రొక్కువారిని వారించుట మంచిదే గాని పగులగొట్టుట తగదనియు, అక్షరము రానివారికి పటమే పుస్తకమనియు బోధించెను.

అసలైన తుపాను తూర్పున కాన్‌స్టాంటినోపిలునందు లేచెను. నేడా నగరమునకు ఇస్తాంబులని పేరు. అప్పటికి అరబ్బుల దండయాత్రలచే రాజ్యము కృశించియుండెను. 726లో థీరా ద్వీపమున అగ్నిపర్వతము సముద్రములో బ్రద్దలయ్యెను. ఇవి యెల్ల పటపూజవలన గలిగిన దైవకోపమని చక్రవర్తి మూడవ లియో యెంచెను. 730లో పటములను నిషేధించెను. ఒప్పుకొనని పీఠాధిపతి జర్మానసు పదవి వీడవలసివచ్చెను. లియో కుమారుడు అయిదవ కాన్‌స్టాంటైను 754లో హియెరియా యను చోట 338 మంది బిషప్పులను సమావేశపఱచెను. క్రీస్తు దేవుడును మనుష్యుడును గదా, దైవత్వమును రంగులతో వ్రాయ నెవనికి సాధ్యము, మనుష్యత్వమును మాత్రమే వ్రాసినచో క్రీస్తును రెండుగ చీల్చినట్లు కాదా, యని వారు వాదించిరి. ఈ వాదము తేలికైనది కాదు. కాని అది శాసనమై దండము చేబూనినది. ఎదిరించిన సన్యాసులు హింసింపబడిరి. స్తెఫను అను సన్యాసిని జనసమూహము వీథులలో నీడ్చి చంపెను.

ఎదురు వాదము చక్రవర్తి చేయి చేరని చోటనుండి వచ్చెను. డమాస్కసు యోహాను ముస్లిముల పాలనలోని దేశమున, యెరూషలేము చెంత మఠమున నుండి, పటముల పక్షమున మూడు వ్యాసములు రచించెను. దేవుడు రూపరహితుడైయున్నంతకాలము ఆయనను వ్రాయుట దోషమే. కాని ఆయన శరీరధారియై మనుష్యులకు కనబడినప్పుడు, కనబడిన దానిని వ్రాయుటలో తప్పేమి? ఇది యాయన ప్రశ్న.

787లో ఐరీను రాణి కాలమున నైసియాలో కూడిన సభ ఈ పక్షమునే నిలిపి, రెండు పదములను వేఱుచేసెను: ఆరాధన యొకటి, గౌరవవందన మొకటి. ఆరాధన దేవునికే చెల్లును. పటమునకు వందనము మాత్రమే. ఆ వందనము పటమును దాటి అందలి వ్యక్తికి జేరును. గతించిన తండ్రి పటమునకు పూలదండ వేయు కుమారుడు కాగితమును గౌరవించుచున్నాడని మన మెవరమైన నందుమా? 815లో నిషేధము మరల వచ్చినను, 843లో థియొడోరా రాణి దానిని తొలగించెను. తూర్పు సంఘములు నేటికిని గొప్ప ఉపవాసకాలపు తొలి ఆదివారమున ఆ దినమును పండువుగ జేసికొనుచున్నవి.

పశ్చిమమున ఈ తీర్మానము లాటినులోనికి తప్పుగ అనువదింపబడుటచే, పటములకు దైవారాధనయే విధింపబడెనని అపార్థము కలిగెను. 794లో ఫ్రాంక్‌ఫర్టు సభ దానిని ఖండించెను. ఒక్క మాట పొరపాటు సంఘముల నెంత దూరము చేయగలదో చూడుడు.

పిమ్మట మతసంస్కరణ కాలమున వివాదము మరల రగిలెను. 1522లో విట్టెన్‌బర్గున కొందఱు పటములను తొలగింప నారంభింపగా, లూథరు తిరిగివచ్చి, బలాత్కారము వలదనియు, ముందు హృదయములలోని విగ్రహములు పోవలెననియు బోధించెను. 1524లో జ్యూరిచ్చునందు నగరసభ యాజ్ఞచే ప్రతిమలు తొలగింపబడి గోడలకు సున్నము కొట్టబడెను. 1566లో నెదర్లాండ్సున జనులు గుంపులుగ దేవాలయములలో జొచ్చి ప్రతిమలను పగులగొట్టిరి. 1563లో ట్రెంటు సభ, ప్రతిమలందు దైవశక్తి యున్నదని నమ్మి వానిని వేడరాదనుచునే, వానికి తగు గౌరవము నిలుపవలెనని కతోలికులకు విధించెను.

మన దేశమునకు వచ్చిన క్రైస్తవ సంఘములు ఈ చరిత్రను తమవెంట దెచ్చినవి. కావుననే యొక్క గ్రామములోనే, యొక్క బంధువర్గములోనే, ఒకరు మాత ప్రతిమకు దండ వేయుటయు, ఒకరు దానిని దోషమని తలంచుటయు జరుగుచున్నది. ఇరువురి భయము నొక్కటియే: దేవునికి చెందవలసినది మఱియొకదానికి చెందరాదని. ఇట్టి తగవు మీ యెదుటికి వచ్చినప్పుడు, మ్రొక్కువాడు దేనికి మ్రొక్కుచున్నాడో ముందుగ వానినే యడిగి తెలిసికొనుట న్యాయము. చేయెత్తి పగులగొట్టినదానిని మరల అతుకుటకు తూర్పు రాజ్యమునకు నూఱేండ్లకు పైగా పట్టెను.