డోరు పడిన చప్పుడు

ఆగస్టు మూడో శనివారం వచ్చిందంటే డెట్రాయిట్ చుట్టుపక్కల పాత కార్లదే రాజ్యం. 1995లో మొదలైన వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి 1950, 60ల నాటి బండ్లు రోడ్డు పొడవునా బారులు తీరతాయి. ఫార్మింగ్టన్ హిల్స్ మనవాళ్లలో కార్ల కంపెనీలకు కోడ్ రాసేవాళ్లు చాలామందే. స్పానర్ పట్టినవాళ్లు మాత్రం తక్కువ. రెండేళ్ల కిందట 1966 మస్టాంగ్ కొనేదాకా నేనూ అంతే.

ఈ కారు ఇక్కడి బిడ్డే. డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ ప్లాంట్‌లో 2004 వరకూ మస్టాంగ్‌లు తయారయ్యాయి. 1966 మోడల్ ఒక్కటే 6 లక్షలకు పైగా చేశారు కాబట్టి విడిభాగాలకు కొదవ లేదు. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి తుప్పుకూ కొదవ లేదు! తుప్పు రేకులు కోసి, కొత్తవి అతికించి, ప్రైమర్ కొట్టించాక డోర్లు, మడ్‌గార్డులు, బానెట్ బిగించే పని మిగిలింది.

సరిగ్గా అప్పుడే నాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు టింకరింగ్ చేసిన మనిషి. ఇప్పుడు చూపు మందగించింది. గరాజ్‌లోకి వచ్చి అడిగిన మొదటి మాట, “బండి చక్రాల మీదే ఉందా?” అని. అంబాసిడర్‌లాగే దీనికీ విడిగా ఛాసిస్ లేదు, బాడీయే అన్నీ. జాకీల మీద లేపితే అది కొద్దిగా వంగుతుంది. గాల్లో కుదిరిన డోరు నేల మీద కుదరదు.

పని వెనక నుంచి ముందుకు రావాలట. వెనక చక్రం పైనుండే రేకు వెల్డింగ్ చేసింది, కదలదు. దానికి డోరు, డోరుకి మడ్‌గార్డు, ఆఖర్న బానెట్. ముందు నుంచి మొదలుపెడితే తేడా అంతా వచ్చి డోరు దగ్గర పోగవుతుంది. గొళ్లెం పట్టే కొక్కేన్ని మొదటే విప్పించారు. అది ఉంటే జారిన డోరుని పైకెత్తి పట్టుకుని, లోపం కనపడనివ్వదు. మడతబందుల్లో అరిగిన పిన్నులు మార్చాం. అద్దం, దాన్ని దించే యంత్రం లోపల పెట్టాకే కొలత చూడమన్నారు. ఆ బరువుకి డోరు కాస్త దిగుతుంది మరి.

సందు కొలవడానికి 5 సెంట్ల నాణేలు రెండు కలిపి టేపు చుట్టారు. ఒక్కోటి 1.95 మిల్లీమీటర్ల మందం, రెండూ కలిసి దాదాపు 4. పైనుంచి కిందకి అది ఒకే బిగువుతో జారాలి. బోల్టులు కొద్దిగా వదులు చేసి నేను డోరు ఎత్తి పట్టుకుంటే, ఆయన సందు వెంట వేలు పోనిచ్చి “వెంట్రుకవాసి పైకి” అనేవారు. ఒక్క డోరుకే మూడు శనివారాలు పట్టింది. ఫ్యాక్టరీలో కూడా ఇంత సమంగా బిగించి ఉండరని నా అనుమానం. ఆ మాట ఆయనతో అనలేదు.

ఊరెళ్లే ముందు ఆయన చేసిన పని ఒకటుంది. రంగు కోసం అన్నీ మళ్లీ విప్పాల్సిందే. అందుకని ఒక్కో మడతబందు రేకుకీ, దాని వెనక స్తంభానికీ కలిపి సన్నటి రంధ్రాలు వేశారు. రంగయ్యాక వాటిల్లో డ్రిల్ బిట్ దూర్చి బిగిస్తే డోరు పాత చోటికే వస్తుంది.

మొన్న ఏప్రిల్లో అలాగే బిగించాను. వీడియో కాల్‌లో చూపించబోతే, “చూసేదేముంది, వేసి వినిపించు” అన్నారు. వేశాను. కొత్త రబ్బరు బీడింగ్ ఇంకా గట్టిగా ఉంది, ఎండాకాలం పోనిమ్మన్నారు.

“రెండోది వెయ్యి.”