దూరమునుండి వినికిడి శిక్షణ

పిలిచినను తిరిగి చూడని బిడ్డనుగూర్చి "మేనమామకును ఆలస్యముగనే మాటలు వచ్చినవి" అని పెద్దలు ఊరడించుట మనము వినుచునేయున్నాము. కాని ఒక మాసములోగా పరీక్ష, మూడు మాసములలోగా నిర్ధారణ, ఆరు మాసములలోగా శిక్షణ జరుగవలెనని నిపుణుల మతము.

శిక్షకులు చేరువలో లేనిచో నేమి చేయవలెను? 1942లో లాస్ ఏంజెలెస్ నగరమున లూయీజ్ ట్రేసీ స్థాపించిన సంస్థ బధిర శిశువుల తల్లిదండ్రులకు తపాలాలో పాఠములు పంపినది. నేడు ఆ పని ఇంటర్నెట్‌లో వీడియోద్వారా జరుగుచున్నది. ఇందు శిక్షణ ముఖ్యముగా తల్లిదండ్రులకే. బిడ్డతో ఆడుచున్న తల్లిని శిక్షకులు తెరపై గమనించి, ఎప్పుడు మాటాడవలెనో, ఎప్పుడు బదులుకై వేచియుండవలెనో తెలుపుదురు. పిమ్మట స్నానము, భోజనము, ఆటయే పాఠములు. ప్రతి ఉదయము ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అను ఆరు ధ్వనులను నోరు కనబడకుండ పలికి, బిడ్డ వినుచున్నదో లేదో చూడవలెను. వినికిడి పరీక్షకును, శ్రవణయంత్రము అమర్చుటకును మాత్రము స్వయముగా వెళ్లుటయే మేలు.

బడి భాష వేరుగనుక ఇంట తెలుగు మానవలెనా? మానవలదనియే మా మనవి. తల్లి ధారాళముగా లాలింపగల, మందలింపగల భాషయే బిడ్డ చెవిని పుష్కలముగా పడును. తెలుగు వచ్చిన శిక్షకులు మన ఊర లేకున్నను, హైదరాబాదునుండియో విశాఖపట్టణమునుండియో తెరపై దొరకవచ్చును. 1965లో మైసూరున ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోను విచారింపవచ్చును. సందేహము కలిగిననాడే పరీక్ష చేయించుడు.