వెన్ను మీద చెయ్యి వేసే ముందు

గోదావరి, ప్రాణహిత కలిసే చోట, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో ఉన్న సిరొంచలో మే నెల అంటే తునికాకు నెల. ఎండ ముదరకముందే ఆకు కోయాలి కాబట్టి తెల్లవారకముందే అడవికి బయలుదేరుతారు. మంచి ఆకు రావాలని అంతకుముందే పొదలను కొట్టి ఉంచుతారు. ఆ మోళ్ల నుంచి కొత్త చిగురు మోకాలెత్తులోనో, ఇంకా కిందనో వస్తుంది. అందుకే కోత మొదటి నుంచి చివరి దాకా నడుము వంచే సాగాలి. ఇంటికి తెచ్చిన ఆకును నేల మీద కూర్చుని కట్టలు కట్టి, కల్లానికి మోసుకెళ్లి, అక్కడ మళ్లీ వంగి ఎండబెట్టాలి. వానలు పడితే వరినాట్లు. చలికాలం వెళ్లే వేళకు గడ్చిరోలి జిల్లా కూలీలు మిరపకాయ ఏరడానికి గోదావరి దాటి తెలంగాణకు వలస పోతారు. ఏ కాలంలోనూ వెన్నుకు సెలవు లేని ఈ సరిహద్దులో ‘నడుం పట్టింది’ అన్న మాట వినపడని ఇల్లు తక్కువ.

పట్టు విడిపించడానికి ఊళ్లో దారులు చాలానే ఉన్నాయి. పుట్టేటప్పుడు కాళ్లు ముందు వచ్చినవాళ్లు నడుము తొక్కితే పట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగు పల్లెల్లో పాతదే. నూనె రాసి తోమేవాళ్లున్నారు, పసరు కట్టు కట్టేవాళ్లున్నారు. పుత్తూరు కట్టు సంగతి తెలియని తెలుగువాళ్లు అరుదు. వెదురు బద్దలు, కోడిగుడ్డు సొన, ఆకు పసరుతో విరిగిన ఎముకను కదలకుండా నిలిపే ఆ విద్య అక్కడ తరతరాలుగా కొనసాగుతోంది. ఇప్పుడు ఈ వరుసలోకి వెన్ను, మెడ కీళ్లను చేత్తో సవరించే కైరోప్రాక్టర్ చేరాడు. సిరొంచ లాంటి తాలూకా కేంద్రంలో ఆ బోర్డు కనిపించడం అరుదే కానీ, ఫోన్‌లో రోజూ కనిపిస్తాడు. మెడను ఒక్క తిప్పు తిప్పుతాడు, టక్కున శబ్దం వస్తుంది, రోగి ముఖం విప్పారుతుంది. అర నిమిషం వీడియో. ఈ వృత్తిని నేడు పట్టి పీడిస్తున్న చిక్కుల్లో సగం ఆ అర నిమిషంలోనే ఉన్నాయని నా అభిప్రాయం.

ముందు ఆ శబ్దం సంగతి చూద్దాం. జరిగిన ఎముక మళ్లీ తన చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు అదని చూసేవాళ్లు అనుకుంటారు. చేసేవాళ్లలోనూ కొందరు అలాగే చెబుతారు. నిజానికి కీలులో జిగురు ద్రవం ఉంటుంది. రెండు ఎముకల కొసలను ఒక్కసారిగా విడదీసినప్పుడు ఆ ద్రవంలో పీడనం పడిపోయి, అందులో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. ఆ బుడగ పగలడం వల్లే శబ్దం వస్తుందని 1971లో అన్స్‌వర్త్ బృందం వివరించింది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ కావ్‌చుక్ బృందం వేలి కీళ్లను ఎంఆర్ఐలో పెట్టి లాగి చూసి, శబ్దం బుడగ ఏర్పడే క్షణంలోనే వస్తోందని తేల్చింది. బుడగ పుట్టడమా, పగలడమా అన్న చర్చ ఇంకా ముగియలేదు. దేని వల్ల వచ్చినా, ఎముక చోటు మారిందనడానికి ఆ శబ్దం సాక్ష్యం కాదు. ఒకసారి మోగిన కీలు మళ్లీ మోగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఇదంతా తెలిసిన వైద్యుడు కూడా, టక్‌మనకపోతే వైద్యమే జరగలేదనుకునే రోగి ముందు ఇరకాటంలో పడతాడు. అవసరం లేని చోట మెడ తిప్పించే ఒత్తిడి అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ కైరోప్రాక్టిక్ విద్య పుట్టుకలోనే ఒక అతిశయం ఉంది. 1895 సెప్టెంబరులో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ చెవుడు ఉన్న ఒక కార్మికుడి వెన్నుపూసను సరిచేసి వినికిడి రప్పించానని చెప్పుకొన్నాడు. నూటికి 95 రోగాలకు మూలం చోటు తప్పిన వెన్నుపూసలేనని తర్వాత రాశాడు. ఆ మాటకు నేటి శరీర శాస్త్రంలో ఆధారం లేదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ వృత్తిని దశాబ్దాల పాటు వెలివేసింది. 1976లో కైరోప్రాక్టర్లు కోర్టుకెక్కారు. 1987లో న్యాయమూర్తి సుసాన్ గెట్జెన్‌డానర్ ఆ వెలి చట్టవిరుద్ధమని తీర్పిచ్చారు. అక్కడితో సందేహాలు తీరలేదు. పసిపిల్లల ఏడుపును, ఉబ్బసాన్ని వెన్ను సవరించి తగ్గిస్తామన్న ప్రచారాన్ని విమర్శించినందుకు భారత సంతతి రచయిత సైమన్ సింగ్‌పై బ్రిటిష్ కైరోప్రాక్టిక్ సంఘం 2008లో పరువునష్టం దావా వేసి, 2010లో ఉపసంహరించుకుంది. ఆ దావా వల్ల ఆ వృత్తికి గౌరవం పెరగలేదు, నిఘా పెరిగింది.

మరి నడుం నొప్పికైనా పనిచేస్తుందా? పనిచేస్తుంది, ఒక మేరకు. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష 9,211 మంది పాల్గొన్న 47 పరిశోధనలను కలిపి చూసింది. దీర్ఘకాల నడుం నొప్పికి వెన్ను సవరింపు ఇచ్చే ఫలితం వ్యాయామం లాంటి ఇతర సిఫారసు చికిత్సల ఫలితానికి ఇంచుమించు సమానమని తేల్చింది. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని షరతులతో సిఫారసు చేసిన చికిత్సల్లో చేర్చింది. అంటే ఇది మోసమూ కాదు, మహిమా కాదు, నొప్పి తగ్గించే పద్ధతుల్లో ఒకటి. ఈ సాదా నిజాన్ని రోగికి చెప్పి ఫీజు తీసుకోవడం కష్టమైన వ్యాపారం.

మన దేశంలో మరో చిక్కు చట్టపరమైనది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఫిజియోథెరపీకి చోటు దక్కింది కానీ, కైరోప్రాక్టిక్ పేరు లేదు. ఈ విద్యలో కొత్తగా చేరేవారికి నాలుగేళ్ల చదువు, కనీసం 4,200 గంటల బోధన, అందులో 1,000 గంటలు పర్యవేక్షణలో రోగులను చూడటం ఉండాలని 2005లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. విదేశంలో అంత చదివి వచ్చినవారికీ, వారాంతపు శిక్షణతో బోర్డు కట్టినవారికీ తేడా చెప్పే రిజిస్టరు ఇక్కడ లేదు. నిజంగా చదివినవారు దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నారు. ఎవరో మెడ విరిచి ప్రమాదం తెస్తే ఆ మచ్చ వీరికీ అంటుతుంది.

ఆ ప్రమాదం కల్పన కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు రెండు మెడ పూసల రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. మెడను విసురుగా తిప్పినప్పుడు అరుదుగా ధమని లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. క్షవరం అయ్యాక మంగలి షాపులో మెడ విరిపించుకునే అలవాటు కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

గడ్చిరోలి సరిహద్దులో మెడకంటే నడుము దగ్గరే నాకు ఎక్కువ భయం. ఇక్కడ నడుం నొప్పి అని వచ్చే మనిషిలో ఏముందో చెయ్యి వేసే ముందు తేల్చుకోవాలి. ఒకటి, వెన్నెముక క్షయ. అది నెలల తరబడి మెల్లగా పూసను తినేస్తుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి దాని జాడలు. రోగిని బోర్లా పడుకోబెట్టి పిడికిలితో ఒక్కొక్క పూస మీద మెల్లగా తడుతూ వస్తే, ఒక చోట మాత్రం ఉలిక్కిపడతాడు. కండరం పట్టినప్పుడు నొప్పి వెన్నుకు పక్కల ఉంటుంది. క్షయలో నడి పూస మీదే ఉంటుంది. అలా మెత్తబడిన పూసను నొక్కితే అది కుంగి, వెన్నుపాము నలిగి, కాళ్లు పడిపోవచ్చు.

రెండోది సికిల్ సెల్. గోండు, మాడియా కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే ఈ రక్త వ్యాధిలో ఎర్ర కణాలు కొడవలి ఆకారం దాల్చి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఒంట్లో నీరు తగ్గితే ఆ అడ్డు మరింత పెరుగుతుంది. మే నెల ఎండలో సరిగ్గా నీళ్లు తాగకుండా ఆకు కోసిన యువతికి సాయంత్రానికి నడుములో, తొడల్లో తట్టుకోలేని నొప్పి వస్తే, వంగి వంగి పట్టేసిందని ఇంట్లో అనుకోవడం సహజం. ఆమెకు కావలసింది నీళ్లు, నొప్పి మందు, రక్త పరీక్ష, ఆసుపత్రి. తొక్కడం, విరవడం ఆమెను ఆసుపత్రికి దూరం చేస్తాయి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం పరీక్షలను గిరిజన ప్రాంతాలకు చేర్చే ప్రయత్నం చేస్తోంది. చేతివైద్యులకు ఈ వ్యాధి గురించి చెప్పడం కూడా అందులో భాగం కావాలి.

తేల్చుకోవడానికి సాధనాలు కావాలి, అసలు కష్టం అక్కడే ఉంది. సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి సుమారు 200 కిలోమీటర్ల అడవి దారి. గోదావరి వంతెన దాటితే ఎదురుగా కాళేశ్వరం, ఆపై వరంగల్. ప్రాణహిత దాటితే చెన్నూరు, మంచిర్యాల. భాష తెలుగే, చుట్టాలు అటే ఉన్నారు, ‘బొక్కల డాక్టర్’ దగ్గరికీ అటే వెళ్తారు. కానీ తెలంగాణ ఆరోగ్యశ్రీ తెలంగాణ వాళ్లకే వర్తిస్తుంది. సిరొంచ మనిషి చేతిలో ఉన్నది మహారాష్ట్ర రేషన్ కార్డు. మహారాష్ట్ర ఆరోగ్య పథకం అనుబంధంలో ఉన్న ఆసుపత్రి అంటే మళ్లీ దూరం. దాంతో ఎంఆర్ఐ ఖర్చు భయానికి నొప్పి మళ్లీ చేతివైద్యుడి గడప తొక్కుతుంది. పరీక్ష చేయించలేని రోగి, పరీక్ష రాయడానికి అధికారం లేని వైద్యుడు ఒక చోట చేరితే మిగిలేది ఊహే.

జిల్లాలో వేరే దారి ఉందని చూపినవారూ ఉన్నారు. 1986 నుంచి గడ్చిరోలిలో పనిచేస్తున్న అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సర్చ్ సంస్థ నడుం నొప్పిని పల్లె ప్రజల పెద్ద ఆరోగ్య సమస్యల్లో ఒకటిగా గుర్తించి, ముంబయి వెన్నెముక నిపుణులను తమ మా దంతేశ్వరి ఆసుపత్రికి రప్పిస్తోంది. సిరొంచకు అది కూడా దూరమే. అయినా కూలి మనిషి నడుం నొప్పిని నిపుణులు పట్టించుకోవలసిన జబ్బుగా చూడటం పెద్ద మార్పు.

చేతివైద్యుడి సొంత ఒంటి గురించి ఎవరూ అడగరు. రోజంతా వంగి, బొటనవేళ్లతో నొక్కి, బరువైన మనుషులను తిప్పే పని అది. మణికట్టు, బొటనవేలు, చివరికి ఆయన నడుమే ముందు అరుగుతాయి. ఆదాయం చికిత్స చేసిన రోగుల లెక్క మీదే ఆధారపడితే, ‘మీకు ఇది వద్దు, ఆసుపత్రికి వెళ్లండి’ అన్న మాట నేరుగా ఆయన జేబును కోస్తుంది. ఆ మాట చెప్పగలిగినవారికే గుర్తింపు, రిజిస్టరులో చోటు దక్కేలా నియమం రావాలి. ఊళ్లో కట్టు కట్టేవాళ్లను తరిమేసే బదులు, ప్రమాద లక్షణాలు నేర్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో కలపాలి. జనం ఎటూ ముందు వాళ్ల దగ్గరికే వెళ్తారు.

అందాకా చదువరులకు ఒక విన్నపం. నడుం నొప్పితో పాటు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి, కాళ్లలో బలం తగ్గడం ఉంటే వెన్ను మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా అది గంటల్లో ఆపరేషన్ అవసరమయ్యే పరిస్థితి కావచ్చు. ఆ రోజు ఆసుపత్రి వంతెనకు ఏ వైపుందన్న లెక్క వద్దు, దగ్గరున్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.